మెర్గుయి తీరం: అనుమతి కాగితం మీద చూసిన సముద్రం

(బరంపురంలో జరిగిన ఒక తెలుగు సభలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, కాలేజీ నుంచి వచ్చిన పిల్లలకు నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? సరే.

కార్యదర్శిగారు నన్ను విదేశీ యాత్ర విశేషాలు చెప్పమన్నారు. చెబుతాను. అయితే నేను వెళ్లివచ్చిన చోటు మనకు పూర్తిగా విదేశం అనిపించదు. బర్మా దేశపు దక్షిణ కొస అది. పాత పటాల్లో మెర్గుయి అని ఉంటుంది, ఇప్పుడు మ్యేక్ అంటున్నారు. మన సోంపేట వైపు నుంచి, శ్రీకాకుళం పల్లెల నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్లి స్థిరపడ్డ మత్స్యకార కుటుంబాలు మీలో కొందరికి చుట్టాలే అయి ఉంటారు. వాళ్లుండే చోటు నుంచి సముద్రం మీద తూర్పుకు ఆరు వందల కిలోమీటర్ల పైచిలుకు వెళ్తే తగిలే ఒడ్డే మెర్గుయి. మధ్యలో ఉన్నది అండమాన్ సముద్రం. ఆ ఒడ్డు ముందర చిన్నా పెద్దా కలిపి దాదాపు ఎనిమిది వందల దీవులు ఉన్నాయి. చాలావాటి మీద మనుషులే ఉండరు. అడవి నీళ్లదాకా దిగి ఉంటుంది. నైరుతి రుతుపవనాలు నేరుగా వచ్చి కొట్టే తీరం కాబట్టి అక్కడ ఏడాదికి సుమారు నాలుగు వేల మిల్లీమీటర్ల వాన కురుస్తుంది, మన గంజాంలో పడేదానికి దాదాపు మూడింతలు. అందుకే నవంబరు తరవాతే ఎవరైనా ఆ దీవుల మాట ఎత్తేది.

ఇంత అందమైన చోటు గురించి మనం ఎందుకు వినలేదు? అక్కడికి ఎవరినీ రానివ్వలేదు కాబట్టి. 1962లో జనరల్ నే విన్ సైన్యంతో అధికారం లాక్కున్నాక బర్మా తలుపులు మూసేసింది. ఒక దశలో విదేశీయుడికి ఇచ్చే వీసా ఇరవై నాలుగు గంటలకే. తరవాత దాన్ని వారం చేశారు. ఆ వారంలో కూడా రంగూన్, మాండలే, పగాన్ లాంటి కొన్ని ఊళ్లు చూసి వెనక్కి రావలసిందే. దక్షిణ తీరం సంగతి ఇంకా కఠినం. కొండల్లో కరెన్ తిరుగుబాటు దళాలు, పక్కనే థాయిలాండ్ సరిహద్దు, నీళ్లలో దొంగ సరుకు, కాపలాకి నౌకాదళం. మెర్గుయి దీవుల్లోకి విదేశీ యాత్రికులను మొదటిసారి రానిచ్చింది 1997లో. అదీ థాయిలాండ్ వైపు నుంచి వచ్చే డైవింగ్ పడవల్లో, ముందే అనుమతి తీసుకుంటేనే. థాయిలాండ్ సరిహద్దు చెక్‌పోస్టుల నుంచి విదేశీయులు దేశం లోపలికి స్వేచ్ఛగా ప్రయాణం చేయడానికి ఒప్పుకున్నది ఇంకా ఆలస్యంగా, 2013 ఆగస్టులో.

ఇప్పుడు మన వైపు కథ చెప్పాలి. పిల్లలూ, ఇది కొంచెం శ్రద్ధగా వినండి.

పదిహేడో శతాబ్దంలో బందరు నుంచి మెర్గుయికి ఓడలు మామూలుగా తిరిగేవి. గోల్కొండ రాజ్యానికి బందరు పెద్ద రేవు. మెర్గుయి అప్పట్లో సయాం, అంటే ఇప్పటి థాయిలాండ్ రాజు చేతిలో ఉండేది. సయాం రాజధాని అయుత్థయకు వెళ్లాలంటే మలక్కా జలసంధి చుట్టూ తిరిగి పోవాలి. అంత దూరం, పైగా డచ్చివాళ్ల పెత్తనం. అందుకని వ్యాపారులు సరుకు మెర్గుయిలో దించి, తెనస్సెరిం నది మీద పడవల్లో ఎదురెక్కి, తరవాత కొండదారిలో మోయించుకుని అవతలి సముద్రానికి చేర్చేవాళ్లు. ఆ మూటల్లో ఉన్నది మన కోస్తా నేతగాళ్లు నేసి, అద్దకం వేసిన బట్టలు. 1680లలో సయాం రాజు గోల్కొండతో గొడవపడి మెర్గుయి నుంచి యుద్ధానికి ఓడలు పంపించాడు. అప్పుడు అక్కడి రేవు అధికారి శామ్యూల్ వైట్ అనే ఇంగ్లీషువాడు. వ్యాపారం పేరుతో దోపిడీ చేశాడు. 1687లో మెర్గుయి జనం తిరగబడి ఊళ్లో ఉన్న ఇంగ్లీషువాళ్లను చాలామందిని చంపేశారు. వైట్ తప్పించుకున్నాడు. తరవాతి శతాబ్దంలో బర్మా రాజులు ఆ తీరాన్ని పట్టుకున్నారు. 1826 యండబో ఒప్పందంతో బ్రిటిషువాళ్లు లాక్కున్నారు.

ఇక్కడి నుంచి మన బరంపురం పక్కనున్న గోపాలపురం రేవు కథలోకి వస్తుంది. బ్రిటిషువాళ్ల కాలంలో బర్మా అంటే బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం, అంతే. పాస్‌పోర్టు లేదు, వీసా లేదు. గోపాలపురంలో ఓడ ఎక్కితే రంగం. మన ఇళ్లలో రంగూన్ అనేవాళ్లు కాదు, రంగం అనే అనేవాళ్లు. గోపాలపురానికి కట్టుదిట్టమైన హార్బరు లేదు. ఓడ దూరంగా లంగరు వేసేది. జనాన్ని మసూలా పడవల్లో కెరటాలు దాటించి ఎక్కించేవాళ్లు. పలకలను మేకులతో బిగించకుండా కొబ్బరి తాళ్లతో కుట్టిన పడవ అది. కెరటం కొడితే విరిగిపోకుండా వంగేది. దాన్ని నడిపినవాళ్లు మన నోలియాలు, ఈ ఒడ్డు తెలుగు మత్స్యకారులు.

కూలీలను పోగుచేసి తీసుకెళ్లే మేస్త్రీ ముందు అడ్వాన్సు ఇచ్చేవాడు. ఆ అడ్వాన్సే మెడకు ఉరి. రంగం చేరాక కూలిలో కోసుకుంటూ పోయేవాడు. రేవులో మూటలు మోసినవాళ్లు, బియ్యం మిల్లుల్లో పనిచేసినవాళ్లు, రిక్షాలు లాగినవాళ్లు ఎక్కువగా మన గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల తెలుగువాళ్లే. 1930 మే నెలలో రంగం రేవులో సమ్మె జరిగింది. మనవాళ్లు పని ఆపితే యజమానులు బర్మీయులను పెట్టుకున్నారు. సమ్మె తేలాక బర్మీయులను తీసేశారు. ఆకలితో ఉన్న ఇద్దరు పేదవాళ్లను ఒకరి మీదికి ఒకరిని తోసి రేవు యజమానులు, స్టీమరు కంపెనీలవాళ్లు పక్కకు జరిగారు. ఆ కొట్లాటల్లో వందమందికి పైగా చచ్చిపోయారు, చాలావరకు మన తెలుగు కూలీలే. మా తాతగారు ఆ గొడవ తరవాతే తిరిగి వచ్చేశారని ఇంట్లో చెప్పుకునేవాళ్లు. ఆయన మాత్రం ఆ విషయం ఎప్పుడూ ఎత్తేవారు కాదట.

ఇంకో సంగతి నన్ను చాలాకాలంగా పట్టుకుని ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. మన బరంపురం మద్రాసు నుంచి ఒరిస్సాలోకి వచ్చింది. సరిగ్గా ఏడాదికి, 1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి విడదీశారు. ఊహించండి. 1935లో గోపాలపురంలో ఓడ ఎక్కిన మనిషి మద్రాసు రాష్ట్రంవాడిగా సొంత దేశంలోనే పనికి వెళ్లాడు. 1938లో తిరిగొచ్చేసరికి వేరే దేశం నుంచి వేరే రాష్ట్రానికి వచ్చినట్టు. అతని ఇల్లు కదల్లేదు, రేవు కదల్లేదు. తన భాష ఇక్కడ ఎక్కువమంది మాట్లాడని భాష అయిపోయిందని అతనికి ఎవరైనా చెప్పారో లేదో. 1941 డిసెంబరులో జపాను బాంబులు మొదలయ్యాక లక్షల మంది అస్సాం అడవుల మీదుగా, అరకాను దారిన నడిచి వచ్చారు. ఎందరో దారిలోనే పోయారు. 1964లో దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశాక మిగిలినవాళ్లలో చాలామంది కట్టుబట్టలతో ఓడలెక్కారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట ఇప్పటికీ ఉంది కదా, అది వాళ్లదే.

ఈ కథలు వింటూ పెరిగాను కాబట్టే ఆ దేశం చూడాలని కోరిక. 2019 చలికాలంలో వెళ్లాను. రంగం, అంటే యాంగాన్ చూసుకుని, విమానంలో మ్యేక్ దిగాను.

మ్యేక్‌లో ముందుగా తెలిసేది వాసన. బజారు వీధి పొడుగునా ఎండు చేపలు. మన అర్జిపల్లి ఒడ్డున ఇసుక మీద నెత్తళ్లు ఆరబోస్తారే, అక్కడ వెదురు తడకలు కట్టి వాటి మీద ఆరబెడుతున్నారు. ఇసుక అంటదు, కింద నుంచి గాలి ఆడుతుంది. ఒకామె స్క్విడ్‌ను నిలువునా చీల్చి, పుస్తకం తెరిచినట్టు పరిచి, వేలితో అంచులు లాగి సరిచేస్తోంది. ముడత ఉంటే అక్కడ తేమ నిలిచి పాడవుతుందట. ప్రతిదానికీ అదే ఓపిక. నేను చూస్తున్నానని తెలిసి ఒకటి నా చేతికిచ్చింది. నేను సాగదీస్తే నవ్వి, మళ్లీ తీసుకుని తానే సరిచేసింది. ముఖానికి తనాకా అనే చెట్టు బెరడు గంధం రాసుకుని ఉంది. రాత్రి నది ఒడ్డున నిలబడితే దూరంగా స్క్విడ్ పట్టే పడవల ఆకుపచ్చ దీపాలు వరసగా కనిపిస్తాయి. మెత్తళ్లో రొయ్యపొట్టో పులియబెట్టిన ఙపి ముద్ద లేనిదే అక్కడ ముద్ద దిగదు. బియ్యపు నూడుల్స్‌ను కత్తెరతో కత్తిరించి, పీతలు, రొయ్యలు వేసి వేయించి ఇస్తారు. ఆ ఊరికి పేరు తెచ్చిన వంట అదే. మన ఇంటి కారం లేదనే లోటు తప్ప చాలా బాగుంది.

ఊళ్లో తిరగడానికి ఎవరూ అడ్డుపెట్టలేదు. దీవుల్లోకి వెళ్లాలంటేనే అసలు తతంగం. లైసెన్సు ఉన్న కంపెనీ ద్వారానే వెళ్లాలి. ముందే పేర్లు, పాస్‌పోర్టు నంబర్లు పంపాలి. ఏ దీవి, ఏ రోజు, ఏ పడవ, అన్నీ రాసి ఉండాలి. గైడు తప్పనిసరి. రాత్రి పల్లెలో ఎవరింట్లోనూ పడుకోకూడదు. విదేశీయుడు లైసెన్సు ఉన్న హోటల్లోనో, పడవలోనో ఉండాలి.

మా గైడు పాతికేళ్ల కుర్రాడు. పేరు చెప్పను, ఎందుకో మీకే అర్థమవుతుంది. అతని భుజానికి ఎప్పుడూ ఒక ప్లాస్టిక్ ఫైలు వేలాడుతుండేది. అందులో నా పాస్‌పోర్టు, వీసా, అనుమతి కాగితం జిరాక్సులు కట్టలుగా ఉండేవి. రేవులో ఒక కాపీ, ఇమ్మిగ్రేషన్‌కు ఒకటి, దీవి దగ్గర కాపలా పోస్టులో ఒకటి. ఇచ్చినచోటల్లా ఒక పుస్తకంలో నా పేరు పక్కన తన పేరు కూడా రాసి సంతకం పెట్టేవాడు. ఆ రెండో పేరు నా దృష్టిలో పడ్డాక ఆ ప్రయాణాన్ని నేను చూసే తీరే మారిపోయింది. నేను వెళ్లిపోతాను. నేను తీయకూడని ఫోటో తీసినా, అడగకూడనిది అడిగినా, ఆ పుస్తకంలో మిగిలేది అతని పేరు. నేను ఈ రోజు మీకు చెప్పాలని వచ్చిన మాట ఇదే. ఆంక్షలున్న దేశానికి వెళ్లినవాడు వేసే ప్రతి ప్రశ్నకు బాకీ అక్కడివాళ్ల పేరు మీద రాసుకుంటారు.

లాంపి దీవిని, దాని చుట్టూ ఉన్న సముద్రాన్ని 1996లో జాతీయ పార్కుగా ప్రకటించారు. దాని పక్కనే చిన్న దీవి మీద మాక్యోన్ గలెట్ అనే ఊరుంది. మోకెన్ జనం అక్కడ ఉంటారు, బర్మీయులు వాళ్లను సలోన్ అంటారు. తరతరాలుగా పడవే ఇల్లుగా బతికినవాళ్లు. వానాకాలం ఒడ్డున గుడిసెల్లో, మిగతా ఏడాదంతా నీళ్ల మీద. వాళ్ల పడవను కబాంగ్ అంటారు. పెద్ద చెట్టు మొదలును తొలిచి, మంట వేడితో వెడల్పు చేసి, పైన పక్కలు కడతారు. ముందూ వెనకా నోరు తెరిచినట్టు చీలిక ఉంటుంది. నీళ్లలోంచి ఎక్కడానికి అక్కడ కాలు పెడతారు. ఒడ్డున పక్కకు జరిపి పెట్టిన పాత కబాంగ్ ఒకటి చూశాను. లోపల చెయ్యి పెట్టి తడిమితే ఉలి దెబ్బలు పొలుసుల్లా వరసగా తగిలాయి. మన మసూలా పడవను కుట్టిన చేతులు, దీన్ని తొలిచిన చేతులు ఒకే సముద్రం దగ్గర రెండు రకాల పాఠాలు నేర్చుకున్నాయి. ఇప్పుడు మసూలా పడవ మన దగ్గర దాదాపు లేదు. కబాంగ్ వాళ్ల దగ్గర దాదాపు లేదు. పెద్ద చెట్లు కొట్టడానికి వీల్లేదు, ఇంజను పడవ చవక.

మోకెన్ పిల్లలు నీళ్లలో కళ్లు తెరిచి చూస్తారు. వాళ్లు యూరప్ పిల్లల కంటే నీళ్లలో రెండింతలు స్పష్టంగా చూస్తున్నారని 2003లో స్వీడన్ శాస్త్రజ్ఞులు తేల్చారు. కనుపాపను చిన్నది చేసుకుని చూస్తారట. తరవాత యూరప్ పిల్లలకు శిక్షణ ఇస్తే వాళ్లకూ వచ్చింది. అంటే అది పుట్టుకతో వచ్చిన వింత కాదు, సాధన. ఈ మాట ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, సముద్రం మీద బతికే జనాన్ని ఏదో వేరే జాతి జంతువుల్లా చూసి ఫోటోలు తీసుకునే యాత్రికులు నాకు అక్కడ తగిలారు. మన నోలియా పల్లెల్లోకి కూడా అలాగే వస్తారు, మీకు తెలుసు.

అక్కడ ఒక పెద్దాయన సీ కుకుంబర్, అంటే దోసకాయ ఆకారంలో ఉండే సముద్ర జీవిని ఎండబెడుతున్నాడు. అది మన దేశంలో పట్టడం నిషేధం. అక్కడ దాన్ని వ్యాపారులు కొని చైనాకు పంపుతారు. ఆయనను నేను గైడు ద్వారా వేట గురించి అడిగాను. చేప తగ్గిపోయిందన్నాడు. పెద్ద ట్రాలర్లు వచ్చాయి, కొందరు డైనమైట్ పేల్చి పట్టారు, పగడపు దిబ్బలు పొడి అయిపోయాయన్నాడు. మన ఒడ్డున ఇదే మాట ఎన్నిసార్లు విన్నామో! ఆ పడవలు ఎవరివని అడగబోయాను. గైడు తలవంచి, "అంకుల్, అది పడవలోకి వెళ్లాక మాట్లాడుకుందాం" అన్నాడు. పడవలోకి వెళ్లాక కూడా అతను చెప్పలేదు, నేనూ అడగలేదు.

అలాగే గుర్తింపు కార్డుల సంగతి. 1982 పౌరసత్వ చట్టం ప్రకారం అక్కడ గులాబీ రంగు కార్డు పూర్తి పౌరులది. నీలం, ఆకుపచ్చ కార్డులు అంతకంటే తక్కువ హక్కులున్నవాళ్లవి. మోకెన్లలో చాలామందికి అసలు కాగితమే లేదు. యాంగాన్‌లో, మాన్ రాష్ట్రంలో తెలుగువాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లలో ఎవరి దగ్గర ఏ రంగు కార్డుందో ఆ ఇంటికి చాలా పెద్ద విషయం. మనం వెళ్లి నలుగురిలో "మీరు తెలుగువాళ్లేనా, ఏ జిల్లా మీది" అని సంతోషంగా కేక వేస్తే, మనకది చుట్టరికం. అతనికి మాత్రం తాను ఈ దేశంవాడు కాదని నలుగురి ముందు ఒప్పించినట్టు. యాంగాన్‌లో ఒక గుడి దగ్గర ఒక ముసలమ్మ నా మాట విని, చుట్టూ చూసి, పక్కకు వచ్చాకే తెలుగులో పలకరించింది. "ఏ ఊరు బాబూ" అంది. బరంపురం అన్నాను. "మా అత్తగారిది ఇచ్ఛాపురం" అంది. అంతే, లోపలికి వెళ్లిపోయింది. వెంట వెళ్లాలనిపించింది. వెళ్లలేదు.

ఇప్పుడు ఇక్కడున్న పిల్లల్లో ఒకరు నన్ను సభ మొదలవక ముందే అడిగారు, అలాంటి ప్రభుత్వం ఉన్న దేశానికి అసలు వెళ్లవచ్చా అని. ఆ ప్రశ్న బర్మా విషయంలో పాతదే. 1996ను సందర్శన సంవత్సరంగా ప్రకటించి సైనిక ప్రభుత్వం యాత్రికులను పిలిచింది. ఆ రోజుల్లోనే దక్షిణాన యే అనే ఊరి నుంచి దవే అనే ఊరి దాకా రైలుమార్గం పల్లె జనంతో వెట్టిచాకిరీ చేయించి వేశారు. రావద్దని ఆంగ్ సాన్ సూచీ అప్పుడు కోరారు. కొంతకాలం విమానాశ్రయంలోనే డాలర్లు తప్పనిసరిగా మార్పించి ప్రభుత్వం చేతికి తీసుకునేది. ఆ డబ్బు ఎవరికి పోయిందో వేరే చెప్పక్కర్లేదు. 2011 తరవాత పరిస్థితి మెత్తబడింది, చిన్న హోటళ్లు, గైడులు, పడవవాళ్లు బతకడం మొదలుపెట్టారు. నేను వెళ్లింది ఆ గాలి ఇంకా వీస్తున్నప్పుడు. నా డబ్బులో కొంతైనా స్క్విడ్ ఆరబెట్టే ఆమె బజారుకు చేరిందని నా నమ్మకం.

కానీ ఈ రోజు అడిగితే వెళ్లవద్దంటాను, సూటిగా. 2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్లీ అధికారం పట్టుకుంది. తనింతాయి ప్రాంతంలో, అంటే ఇదే తీరంలో, అప్పటి నుంచి పోరాటం సాగుతోంది. 2024 ఫిబ్రవరిలో నిర్బంధ సైనిక సేవ చట్టాన్ని అమల్లోకి తెచ్చారు. మా గైడు లాంటి కుర్రాళ్లంతా దాని కిందికి వస్తారు. మొదట్లో మెసేజ్ పెడితే రెండు మాటలైనా జవాబిచ్చేవాడు. ఇప్పుడు నేనే పెట్టడం మానేశాను. విదేశీ నంబరు నుంచి వచ్చే మెసేజ్ చెక్‌పోస్టులో ఫోను తీసి చూసినప్పుడు అతనికి టెన్షన్ తెచ్చిపెట్టకూడదు.

వెళ్లలేం కాబట్టి ఊరుకోవాలా అంటే, అక్కర్లేదు. చేయవలసిన పని ఇక్కడే ఉంది. మన ఇళ్లలో అటకల మీద, ట్రంకు పెట్టెల అడుగున రంగం కాగితాలు ఉన్నాయి. ఓడ టికెట్లు, మేస్త్రీ రాసిన పద్దులు, మనియార్డరు రసీదులు, తెలుగులో రాసిన ఉత్తరాలు. కిందటి వానల్లో ఒకాయన ఇంట్లో అలాంటి కట్ట ఒకటి తడిసి ముద్దయిపోయింది. చెదలు ఇంకెన్ని తిన్నాయో. గోపాలపురం నుంచి ఎక్కిన మనుషుల పేర్లు ఏ పుస్తకంలోనూ వరసగా దొరకవు, ఆ కాగితాల్లోనే ఉన్నాయి.

కాలేజీ పిల్లలు ముందుకొచ్చారు. స్కానర్ ఉంది. మీ కాగితం మీ చేతిలోనే ఉంటుంది, మీ ఎదురుగానే కాపీ తీసి వెంటనే ఇచ్చేస్తారు. ఒక్క షరతు: ఆ ఉత్తరాల్లో బర్మాలో ఇంకా ఉన్న చుట్టాల పేర్లు, చిరునామాలు ఉంటే వాటిని విడిగా తీసి పెడతారు, ఎక్కడా బయటపెట్టరు. వచ్చే ఆదివారం పొద్దున్న పదింటి నుంచి ఈ హాల్లోనే కూర్చుంటారు. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే వాళ్లను కూడా తీసుకురండి. ఓడ పేరు, ఎక్కిన నెల, మేస్త్రీ ఊరు, ఏది గుర్తున్నా చాలు, రాసుకుంటాం.